సర్వర్ లేవడానికి అంత సేపా? ముందు అది ఎవరి కోసం ఆగిందో చూడండి

ఈమధ్య వేరే టీమ్ చూసుకునే సర్వీసు ఒకటి మా చేతికి వచ్చింది. దాంతోపాటు వచ్చిన రన్‌బుక్‌లో (సర్వీసుని ఎలా నడపాలో రాసిపెట్టుకునే నోట్సు) ఒక మాట బోల్డ్‌లో ఉంది: "రీస్టార్ట్ కొట్టాక నాలుగు నిమిషాల దాకా ఏమీ కదలదు. కంగారు పడొద్దు, మళ్లీ రీస్టార్ట్ కొట్టొద్దు." రాసినవాళ్లు మంచి మనసుతోనే రాశారు. అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో, అంటే ఏదైనా పడిపోతే చూసే డ్యూటీలో, ఒంటరిగా కూర్చున్నవాళ్లకి ఆ మాట నిజంగానే ధైర్యం. కానీ ఆ నాలుగు నిమిషాలూ సర్వర్ ఏం చేస్తుందన్నది రన్‌బుక్‌లో ఎక్కడా లేదు. అడిగితే, "జావా కదండీ, పెద్ద అప్లికేషన్, లేవడానికి టైమ్ పడుతుంది" అన్నారు.

నా పేచీ ఆ జవాబుతోనే. నేను చూసినంతలో, లేవడానికి నిమిషాలు తీసుకునే సర్వర్లలో చాలావాటికి పని ఎక్కువై ఆలస్యం కాదు. ఎవరో జవాబిస్తారని కాచుకుని కూర్చుంటాయి. ఆ ఎవరో ఒక్కోసారి ఊడదీసిన నెట్‌వర్క్ కేబుల్, ఒక్కోసారి ఎప్పుడో తీసేసిన మెషీన్. పని ఎక్కువైతే కోర్లు పెంచొచ్చు, వేగమైన డిస్క్ వేయొచ్చు. ఎదురుచూపు అయితే ఎంత పెద్ద మెషీన్ తెచ్చినా అంతే సేపు కూర్చుంటుంది, కాకపోతే ఇంకాస్త ఖరీదుగా కూర్చుంటుంది.

రెండింటిలో ఏదో తేల్చుకోవడం పెద్ద విద్యేం కాదు. సర్వర్ లేస్తున్నంతసేపూ పక్క విండోలో సీపీయూ వాడకం చూపించే టాప్ కమాండ్ నడిపి, డిస్క్ మీద ఓ కన్నేసి ఉంచితే చాలు. సీపీయూ ఖాళీగా, డిస్క్ నిశ్శబ్దంగా ఉండి సర్వర్ ఇంకా లేవలేదంటే అది ఎదురుచూస్తున్నట్టే. ఈ ఒక్క పని చేయకుండానే మీటింగులు పెట్టి మెమరీ ఎంత పెంచాలో చర్చించుకునేవాళ్లను చూశాను.

ప్రతిసారీ సరిగ్గా అంతే అయితే అనుమానించాలి

నిజంగా పని చేసే ప్రోగ్రాము ఒకసారి 71 సెకన్లు తీసుకుంటే ఇంకోసారి 78 తీసుకుంటుంది. డిస్క్ క్యాష్ ఎలా ఉంది, పక్కన ఇంకేం నడుస్తోంది అన్నదాన్ని బట్టి అంకె అటూ ఇటూ ఊగుతుంది. ఎప్పుడు లేపినా సరిగ్గా 90 సెకన్లే అంటే అది పని కాదు. ఎవరో ఎక్కడో రాసిపెట్టిన టైమౌట్, అంటే ఇంతసేపు చూసి వదిలేయమన్న గడువు.

అలాంటి అంకెలు కొన్ని గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. 90 సెకన్లు సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను లేపే ప్రోగ్రాము) డీఫాల్ట్. ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో రాసున్న డిస్క్ మెషీన్‌కి తగిలించి లేకపోతే, బూట్ స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ పరిగెడుతూ ఒక నిమిషం ముప్పై సెకన్లు గడుస్తాయి. ఆ లైన్‌లో నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా ఫర్వాలేదు) అని లేకపోతే చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది కూడా. 120 సెకన్లు వచ్చిందంటే నేను ముందు చూసేది నెట్‌వర్క్‌డీ వెయిట్-ఆన్‌లైన్ సర్వీసు. తనకు అప్పగించిన నెట్‌వర్క్ కార్డులన్నీ పైకి వచ్చేదాకా అది ఆగుతుంది. సర్వర్‌కి రెండు పోర్టులుండి ఒకదానికే కేబుల్ పెడితే, రెండోదాని కోసం రెండు నిమిషాలు పడిగాపులు పడి, ఫెయిల్ అని రాసి, పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత అంతా మామూలుగానే నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ రెండో కార్డు ఆన్‌లైన్‌కి అవసరం లేదని నెట్‌వర్క్ ఫైల్లో ఒక లైను రాస్తే పోయే సమస్య ఇది.

5 సెకన్లు, దాని గుణిజాలు కనిపిస్తే డీఎన్‌ఎస్, అంటే మెషీన్ పేరుకి ఐపీ అడ్రస్ వెతికిపెట్టే వ్యవస్థ. రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో రాసిన మొదటి నేమ్‌సర్వర్ చచ్చిపోయి ఉంటే, లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ దాని జవాబు కోసం 5 సెకన్లు చూసి అప్పుడు రెండోదాన్ని అడుగుతుంది. బ్రౌజ్ చేసేటప్పుడు ఒక 5 సెకన్లు ఎవరికీ లెక్క కాదు. కానీ లేచేటప్పుడు వరసగా పది పేర్లు అడిగే సర్వీసుకి అదే 50 సెకన్లవుతుంది.

ఇక 127. నాకు బాగా ఇష్టమైన అంకె ఇది, ఎందుకంటే చూస్తే ఎవరో రాసిన టైమౌట్‌లా ఉండదు. మాకొచ్చిన సర్వీసు లాగ్‌లో రెండు లైన్లు పక్కపక్కనే ఉన్నాయి. 02:14:09కి కాన్ఫిగరేషన్ చదవడం పూర్తయింది అని ఒకటి, 02:16:16కి మెట్రిక్స్ (సర్వీసు పనితీరు అంకెలు) మాడ్యూల్ సిద్ధం అని ఇంకొకటి. మధ్యలో ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రెండు నిమిషాల ఏడు సెకన్ల పాటు లాగ్‌లో ఒక్క ముక్క లేదు. ఆ వ్యవధిలో, జావా ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో చూపే జేస్టాక్ కొడితే మెయిన్ థ్రెడ్ సాకెట్ కనెక్ట్ దగ్గర నిలబడి ఉంది. నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెడితే బొమ్మ పూర్తయింది. ఒక ఐపీకి సిన్ ప్యాకెట్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) వెళ్లింది. జవాబు లేదు. ఒక సెకను తర్వాత మళ్లీ. ఆపైన మొదటి ప్యాకెట్ నుంచి లెక్కేస్తే 3, 7, 15, 31, 63 సెకన్లకు మళ్లీ మళ్లీ. ప్రతిసారీ ముందటికన్నా రెట్టింపు సేపు ఆగి, ఆరు సార్లు తిరిగి ప్రయత్నించి, 127వ సెకనుకు లినక్స్ చేతులెత్తేసింది. జావాలో కనెక్ట్ టైమౌట్ ఇవ్వకుండా సాకెట్ తెరిస్తే నిర్ణయం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి పోతుంది మరి. (కొత్త కెర్నల్స్‌లో, అంటే లినక్స్ మూల భాగం కొత్త వెర్షన్లలో, మొదటి కొన్ని ప్రయత్నాల మధ్య వ్యవధి మారింది, అక్కడ అంకె వేరుగా వస్తుంది.)

ఆ ఐపీలో ఒకప్పుడు మెట్రిక్స్ సేకరించే మెషీన్ ఉండేదట. తీసేశారు. కాన్ఫిగ్‌లో పేరు కాకుండా నేరుగా ఐపీ రాసి ఉండడంతో, మెషీన్ తీసేసినప్పుడు పేరుతో వెతికినవాళ్లకి ఈ సర్వీసు దొరకలేదు. పైగా మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ ప్యాకెట్లను తిప్పి కొట్టకుండా గుట్టుచప్పుడు కాకుండా మింగేస్తోంది. కుదరదని మొహం మీద చెప్పి ఉంటే మిల్లీసెకన్లలో తేలిపోయేది. ఏమీ చెప్పకపోవడం వల్లే రెండు నిమిషాలు. కనెక్షన్ విఫలమైన సంగతిని లైబ్రరీ డీబగ్ లెవెల్లో రాసుకుని ఊరుకుంది. డీబగ్ లాగ్ ప్రొడక్షన్‌లో ఎవరు తెరుస్తారు?

మిగతాదాంట్లో 50 సెకన్ల దాకా పైన చెప్పిన డీఎన్‌ఎస్ గొడవే. నిజంగా క్లాసులు లోడ్ చేస్తూ, డేటాబేస్ కనెక్షన్లు తెరుస్తూ గడిపింది ఒక నిమిషం. నాలుగు నిమిషాల్లో జావా వాటా అంతే. "జావా కదండీ" అన్న మాట పావు వంతు నిజమన్నమాట.

టైమౌట్ పెంచితే ఏం పోతుంది?

ఈ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ సర్వీసుని ఎలా లేపాలో సిస్టమ్‌డీకి చెప్పే యూనిట్ ఫైల్ చరిత్ర. ఒకప్పుడు స్టార్ట్ టైమౌట్ డీఫాల్ట్ 90 సెకన్లే ఉండేది. ఒకరోజు సర్వీసు లేవక ఫెయిలైంది. దాన్ని 300 చేశారు. కమిట్ మెసేజ్‌లో "స్టార్టప్ ఫెయిల్యూర్ ఫిక్స్" అని ఉంది. మెట్రిక్స్ మెషీన్ తీసేసింది కూడా ఆ చుట్టుపక్కల రోజుల్లోనే. అంటే 90 సెకన్ల టైమౌట్ తన పని తాను చక్కగా చేసింది. నిన్నటిదాకా నిమిషంలో లేచేది ఇవాళ లేవట్లేదు, ఏదో మారింది అని చెప్పింది. ఆ రోజు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటని ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అక్కడే దొరికేది. టైమౌట్ పెంచడంతో ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే లేకుండా పోయింది. తర్వాత వచ్చినవాళ్లకి నాలుగు నిమిషాలే మామూలు. ఇంకొన్నాళ్లకు అది రన్‌బుక్‌లో బోల్డ్ అక్షరాలయింది.

పెంచినవాళ్ల మీద నాకేం కోపం లేదు. సర్వీసు పడిపోయి పైనుంచి ఫోన్లు వస్తుంటే ముందు లేపాలి, తర్వాతే పరిశోధన. ఆ టెన్షన్‌లో నేనైనా 300 అనే కొడతాను. కాకపోతే ఆ మార్పు పక్కన "ఎందుకు ఆగుతోందో తెలీదు, చూడాలి" అని ఒక ముక్క రాసి, దానికి ఒక టికెట్ తెరవాలి. ఫిక్స్ అని మాత్రం రాయకూడదు.

బ్లేమ్ చూపించేది దోషినే అనుకోవద్దు

బూట్ నెమ్మదిగా ఉందనగానే అందరం, ఏ సర్వీసుకి ఎంతసేపు పట్టిందో జాబితా ఇచ్చే సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్ కొడతాం. పేరే అలా పెట్టారు కాబట్టి పైన ఉన్నవాడే దోషి అనిపిస్తుంది. ఒక సర్వీసుకి ఎక్కువ సేపు పట్టడానికి కారణం అది ఇంకొకదాని కోసం ఆగడమే కావొచ్చు, ఈ జాబితా తప్పుదోవ పట్టించవచ్చు అని దాని మాన్యువల్ పేజీలోనే హెచ్చరిక ఉంది. పైగా సింపుల్ రకం సర్వీసులు ఆ జాబితాలో కనబడనే కనబడవు. ప్రాసెస్ పుట్టగానే అవి లేచేసినట్టు సిస్టమ్‌డీ లెక్క వేసుకుంటుంది, లోపల అది నాలుగు నిమిషాలు కొట్టుకుంటున్నా సరే. అందుకే నేను బ్లేమ్ కన్నా ముందు క్రిటికల్-చెయిన్ చూస్తాను. ఎవరి వెనక ఎవరు నిలబడ్డారో అందులో కొంతవరకు తెలుస్తుంది. అదీ చాలకపోతే ప్లాట్ బొమ్మ గీయించి, పొడుగు గీతలను వదిలేసి, ఏమీ జరగని ఖాళీ ఎక్కడుందో వెతుకుతాను.

ఇంకో తమాషా. అసలు సిస్టమ్‌డీ దాకా రాకముందే గడిచిపోయే సమయం ఉంటుంది. పెద్ద మెమరీ ఉన్న ఫిజికల్ సర్వర్ మెమరీ ట్రెయినింగ్, రెయిడ్ కార్డు పలకరింపులు, నెట్‌వర్క్ బూట్ ప్రయత్నాలు అన్నీ ముగించుకుని లినక్స్‌కి తాళాలు ఇచ్చేసరికే చాలా నిమిషాలు పట్టొచ్చు. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు లేచే ప్రోగ్రాము) ఉన్న మెషీన్లలో సిస్టమ్‌డీ-ఎనలైజ్ మొదటి లైనులోనే ఫర్మ్‌వేర్ ఎంత తిన్నదో విడిగా చూపిస్తుంది. ఆ అంకె చూడకుండా సర్వీసులను ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఎదురుచూపు ఎంత విచిత్రమైన చోట దాక్కుంటుందో చెప్పడానికి 2019లో లినక్స్ 5.3 విడుదలకు ముందు జరిగిందే చాలు. లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఒక మార్పు వల్ల బూట్ సమయంలో డిస్క్ రీడ్లు తగ్గాయి. మంచిదే కదా. కానీ కొన్ని మెషీన్లు అసలు బూటే కాకుండా ఆగిపోయాయి. కారణం, కెర్నల్‌కి ర్యాండమ్ నంబర్ల కోసం కావాల్సిన ఎంట్రోపీలో (ముందే ఊహించలేని యాదృచ్ఛికతలో) కొంత ఆ డిస్క్ ఇంటరప్టుల నుంచే వచ్చేది. డిస్క్ పని తగ్గేసరికి ఎంట్రోపీ చాల్లేదు, గెట్‌ర్యాండమ్ అనే కాల్‌తో ర్యాండమ్ నంబరు అడిగిన ప్రోగ్రాము అక్కడే నిలబడిపోయింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 5.3 నుంచి ఆ ఈఎక్స్‌టీ4 మార్పును వెనక్కి తీసుకున్నారు. ఊరికే ఎదురుచూడకుండా కెర్నలే ఎంట్రోపీ పుట్టించుకునే ఏర్పాటు 5.4లో వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి వర్చువల్ మెషీన్లలో జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ లేవడానికి నిమిషాలు పడుతోందని తలలు పట్టుకున్నవాళ్లలో చాలామంది వెనక ఇదే జబ్బు ఉండేది. సెషన్ ఐడీల కోసం సెక్యూర్‌ర్యాండమ్ తయారు చేయడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో టామ్‌క్యాట్ పాపం లాగ్‌లో రాసేది కూడా. అది చదవకుండా హీప్ (జావాకి ఇచ్చే మెమరీ) పెంచినవాళ్లు ఎంతమందో.

నా వాదన నిలబడని చోట్లు

ఎదురుచూపే అని అన్నిచోట్లా గుడ్డిగా అనేస్తే కొంప మునుగుతుంది. కరెంటు పోయి పడిపోయిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తిరిగి లేచేటప్పుడు వాల్ ఫైళ్లను (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) చివరి చెక్‌పాయింట్ నుంచి తిరిగి ఆడించుకుంటుంది. అది నిజమైన పని, చేసి తీరాల్సిన పని. అక్కడ టైమౌట్ పెంచడమే సరైన మందు. ఇంకా లేవలేదేంటని మధ్యలో చంపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ ఇలాంటప్పుడు పది సెకన్లకోసారి ఎక్కడిదాకా వచ్చిందో లాగ్‌లో రాస్తుంది. ఇంత చిన్న మార్పు ఆన్‌కాల్ మనిషికి ఎంత ఊరటో అనుభవించినవాళ్లకి తెలుసు. ఓపిక పట్టాలా, దూకాలా అన్నది ఆ లైను చూసి చెప్పొచ్చు. రన్‌బుక్‌లో బోల్డ్ అక్షరాలు రాయాల్సిన పని తప్పుతుంది.

కంటెయినర్లలో (విడివిడి పెట్టెల్లాంటివి) పెట్టిన అప్లికేషన్లను నడిపే కుబర్నెటీస్‌లో అయితే టైమౌట్ పెంచకపోవడమే తప్పయ్యే సందర్భాలున్నాయి. అప్లికేషన్ బతికుందా అని అడిగే లైవ్‌నెస్ ప్రోబ్ డీఫాల్ట్‌గా పది సెకన్లకోసారి చూస్తుంది, మూడుసార్లు వరసగా జవాబు రాకపోతే కంటెయినర్‌ని చంపేస్తుంది. లేవడానికి నిమిషం పట్టే అప్లికేషన్‌ని ఆ లెక్కన అరనిమిషానికోసారి చంపుతూనే ఉంటుంది. కాపాడాల్సినవాడే, కంచే చేను మేసినట్టు. చంపిన ప్రతిసారీ మళ్లీ లేపడానికి తీసుకునే విరామం కూడా పెరుగుతూ అయిదు నిమిషాల దాకా పోతుంది. 2020 డిసెంబరులో 1.20 వెర్షన్‌తో స్టార్టప్ ప్రోబ్ స్థిరపడ్డాక దీనికి తగిన దారి దొరికింది. లేచేటప్పుడు ఒక ఓపిక, లేచాక ఇంకో ఓపిక.

సీపీయూ ఖాళీగా ఉంటే ఎదురుచూపే అన్నాను చూడండి, అక్కడ కూడా ఒక మెలిక ఉంది. కంటెయినర్‌కి సీపీయూ లిమిట్ అర కోరు పెడితే, జావా లేచేటప్పుడు క్లాసులు లోడ్ చేయడానికీ, కంపైల్ చేయడానికీ అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. ప్రతి వంద మిల్లీసెకన్లలో తన వాటా మొదట్లోనే అయిపోయి మిగతా సేపు గడ్డకట్టి కూర్చుంటుంది. బయటినుంచి హోస్ట్ చూస్తే సీపీయూ బోలెడంత ఖాళీ. కంటెయినర్ వాటాలను అదుపు చేసే సీగ్రూప్‌లోని సీపీయూ స్టాట్ ఫైల్ తెరిచి థ్రాటిల్ అంకె పెరుగుతోందా అని చూస్తే తప్ప అర్థం కాదు. ఇది పనా, ఎదురుచూపా అంటే రెండూ. ఇక్కడ కోర్లు పెంచాలన్నవాళ్లదే రైటు. క్లౌడ్‌లో స్నాప్‌షాట్ (దాచిపెట్టిన డిస్క్ నకలు) నుంచి తీసిన డిస్క్‌తో మొదటిసారి లేచే సర్వర్ కూడా ఈ కోవకే వస్తుంది. బ్లాకులు అడిగినప్పుడే వెనకనుంచి వస్తాయి కాబట్టి మొదటి బూట్ ఒక్కటే నత్తనడక నడుస్తుంది, రెండోది మామూలుగా ఉంటుంది.

ఎప్పుడో ఒకసారి రీస్టార్ట్‌కి ఇంత గోలెందుకు

ఇది మా టీమ్‌లోనే వచ్చిన ప్రశ్న, కొట్టిపారేయలేను. ఆర్నెల్లకోసారి రీస్టార్ట్ చేసే సర్వీసు నాలుగు నిమిషాలు తీసుకుంటే కొంపలేం మునిగిపోతాయి? ఆ తవ్వకానికి పెట్టే రోజు ఇంకో పని మీద పెట్టొచ్చు కదా?

రోజుకు ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంతసేపు అని లెక్కేస్తే ఆ వాదనే గెలుస్తుంది. నేను చూసేది ఏ వేళకి రీస్టార్ట్ కావాల్సి వస్తుందన్నది. అన్నీ సవ్యంగా నడుస్తున్నప్పుడు ఎవరూ సర్వర్‌ని రీస్టార్ట్ చేయరు. ఏదో పడిపోయినప్పుడో, తప్పుడు డిప్లాయ్‌ని వెనక్కి తిప్పాల్సినప్పుడో, ఒక్కసారిగా లోడ్ పెరిగి కొత్త కాపీలు లేపాల్సినప్పుడో చేస్తారు. ఆ నాలుగు నిమిషాలు సరిగ్గా ఆ సమయానికే వచ్చి పడతాయి. కాన్ఫిగ్‌లో ఒక అక్షరం తప్పు పెట్టామా అని తేల్చుకోవడానికి కూడా నాలుగు నిమిషాలే. ఒకటికి మూడుసార్లు దిద్దాల్సి వస్తే అక్కడికే పన్నెండు.

దీనికన్నా నన్ను భయపెట్టేది ఇంకోటుంది. నెమ్మదిగా లేచే సర్వర్‌ని ముట్టుకోవడానికి జనం జంకుతారు. కెర్నల్ ప్యాచ్ ఈ నెల వద్దులే, వచ్చే నెల చూద్దాం అంటారు. కాన్ఫిగ్ మార్పులు పోగుచేసి అన్నీ ఒకేసారి వేస్తారు. అప్పుడు రీస్టార్ట్ ఫెయిలైతే ఏ మార్పు వల్లో తేలదు. అలా ఏడాది పాటు ఎవరూ రీస్టార్ట్ చేయని సర్వర్ మళ్లీ లేస్తుందో లేదో ఎవరికీ తెలీదు. లేచే దారిలో ఎన్ని తీసేసిన మెషీన్లు, ఎన్ని చచ్చిన నేమ్‌సర్వర్లు పేరుకున్నాయో ఎవరు చూశారు?

మా సర్వీసు ఇప్పుడు నిమిషంలో లేస్తోంది. యూనిట్ ఫైల్లో 300ని తీసి 90కి తెచ్చాం. ఒకటి మాత్రం ఇంకా తెగలేదు. మెట్రిక్స్ లాంటివి అందకపోయినా సర్వర్ లేవాలని, వాటికి రెండు సెకన్ల కనెక్ట్ టైమౌట్ పెట్టి వదిలేయాలని నేనంటాను, దానికి అందరూ ఒప్పుకున్నారు. పేచీ క్యాష్ (తరచూ అడిగే డేటాను దగ్గర పెట్టుకునేది) దగ్గర వచ్చింది. క్యాష్ సర్వర్ అందకపోయినా లేచేయాలా? లేస్తే మొదటి రిక్వెస్టులన్నీ నేరుగా డేటాబేస్ మీద పడి దాన్ని కూడా కూలదోస్తాయని మా టీమ్‌లో డేటాబేస్ చూసే ఆవిడ అంటుంది. అలాంటప్పుడు లేవకుండా ఆగడమే మర్యాద అని ఆమె వాదన. ఆమె చెప్పేది తప్పనలేను. అందుకని ప్రస్తుతానికి క్యాష్ కోసం ఆగుతోంది. కాకపోతే ఎవరి కోసం ఆగిందో పది సెకన్లకోసారి పేరు పెట్టి మరీ లాగ్‌లో రాస్తోంది.